చిన్నమ్మ కూర్చోని సీటు

మా కారు వెనక సీటు మీద మరక పడింది మా చిన్నమ్మ వల్ల కాదు, నా వల్ల. ఈ మాట చెప్పాల్సిన రోజున చెప్పలేదు. ఆ తర్వాత మూడు చలికాలాలు చెప్పలేదు. మా ఊళ్లో చాలామందికి ఇప్పుడు సంగతి తెలుసు. సగం విని మిగతాది ఊహించుకున్నవాళ్లు కూడా ఉన్నారు కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. సిగ్గుగానే ఉంది. కానీ రాస్తుంటే ప్రాణం తెరిపిన పడినట్టుగా కూడా ఉంది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. గూడెం కొత్తవీధి దగ్గర మా ఊళ్లో మాకు పక్కిల్లే. పిల్లలు లేరు. అమ్మ పోయాక నన్ను తిట్టే హక్కు ఆవిడ ఒక్కదానికే మిగిలింది.

కాఫీకి మంచి ధర పలికిన ఏడాది విశాఖపట్నంలో ఒక పాత కారు కొన్నాను. ఇంజను కన్నా ముందు సీట్లు చూసి మురిసిపోయాను. తోలు కాదు, ముఖమల్ కాదు. సన్నటి నూగు ఉన్న బూడిదరంగు బట్ట. స్వేడ్ లాంటిదన్నాడు అమ్మినాయన. చేత్తో ఒకవైపు నిమిరితే ముదురుగా, ఎదురు నిమిరితే లేతగా కనిపించేది. ఇంటికి తెచ్చిన రోజే కట్టడి పెట్టాను: ఈ కారులో మిరియాల సంచి గాని, రాగుల మూట గాని ఎక్కకూడదు. ఒకసారి మా ఆవిడ పనసపండు పెట్టబోతే రోడ్డు మీదే గొడవ పడ్డాను.

"సీట్ల కాడ మోకరించి ప్రార్థన సేసుకో మావా. మేం జీపులో ఎల్తాం," అంది.

ఆ చలికాలం కాఫీ పళ్లు కోశాం. పళ్ల తొక్క ఊడదీసే మిషను తోటలోనే ఉంది. తొక్క తీసిన గింజల చుట్టూ జిగురు ఉంటుంది. దాన్ని నానబెట్టి కడిగాకే ఎండలో పోయాలి. సరిగ్గా ఆరోజు తోటలో నీళ్ల పైపు పగిలింది. వస్తానన్న జీపు రాలేదు. అలాగే ఉంచితే గింజలు పులిసిపోతాయి. చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి, వెనక సీటు మీద టార్పాలిన్ ముక్క పరిచి, తడి గింజల సంచులు ఎక్కించి కడుగుదామని పారే నీళ్లున్న గెడ్డ దగ్గరికి తీసుకెళ్లాను. మలుపుల్లో సంచులు టార్పాలిన్ మీంచి జారాయి. దించేసరికి సీటు తడిసిపోయి ఉంది. గుడ్డతో తుడిచి, ఆరిపోతుందిలే అనుకున్నాను.

ఆ సాయంత్రమే చిన్నమ్మకు చలిజ్వరం ముదిరి తెలివి తప్పింది. ఆ సీటు మీదే పడుకోబెట్టి చింతపల్లి ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆవిడ కోలుకుని ఇంటికి వచ్చాక, కారు శుభ్రం చేద్దామని మా ఆవిడ తలుపు తీసింది. జిగురు ఎండి సీటు మీద గోధుమరంగు మరక కట్టింది. పులిసిన వాసన గుప్పున కొట్టింది.

"అత్తకి ఆవేళ తెలివేటి ఉంది, పాపం. సీట్లోనే ఒంటికి అయిపోయినట్టుంది," అంది ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

కాఫీ అని చెప్పబోయాను. పనసపండు దగ్గర నేను వేసిన కేకలు గుర్తొచ్చాయి. "ఎవరికీ చెప్పకు," అన్నాను, అదేదో పెద్దమనసు చూపిస్తున్నట్టు.

మా ఆవిడ ఒక్క తోడికోడలికే చెప్పింది. ఆదివారానికి చర్చిలో ఆడవాళ్లందరికీ తెలిసింది. చిన్నమ్మకూ తెలిసింది.

అప్పటినుంచి ఆవిడ నా కారెక్కలేదు. సంతకు కూడా జీపులో ఇరుక్కునే వెళ్లేది. ఎందుకని అడిగితే, "మూసేసిన బండిలో నాకు ఊపిరాడదురా," అనేది. మా ఆవిడ సబ్బుపొడి పోసి కొబ్బరిపీచుతో తోమడంతో సీటు ఇంకా పాడైంది. మరక చుట్టూ తెల్లటి వలయం, మధ్యలో నూగు ఉండలు కట్టి అట్టలా గట్టిపడింది. దాని మీద తువ్వాలు పరిచి అలాగే తిప్పాను.

ఈలోగా చిన్నమ్మ కళ్లకు పొర కమ్మింది. మనుషుల్ని గొంతు బట్టి పోల్చుకునేది. నర్సీపట్నంలో ఆపరేషన్ చేయిస్తానంటే ఒప్పుకోలేదు. మొన్న వేసవిలో మా ఆవిడ పట్టుబట్టి అడిగితే అసలు సంగతి చెప్పింది.

"మత్తిస్తారంట గదే. తెలివి లేనప్పుడు నా ఒళ్లు నా మాటినదు. మీ ఆయన కారులో సూసినాం గదా. పరాయోళ్ల మంచం మీద కూడా అలగే అయిపోతే నేనేటి సేసేది? గుడ్డిదాన్నే అయిపోనీ."

మా ఆవిడ ఆ మాట నాతో చెప్పి ఏడ్చింది. నేను అప్పుడు కూడా నోరు విప్పలేదు. మరక ఆనవాలు లేకుండా పోతే ఆవిడ భయమూ పోతుందనుకున్నాను. సీటు బాగుచేయడానికి పూనుకున్నాను.

నర్సీపట్నంలో సీటు కవర్లు కుట్టే షాపతను పైన రెగ్జిన్ వేసేయమన్నాడు. వేస్తే మరక దాని కిందే ఉంటుందని చిన్నమ్మకు తెలుసు. వద్దన్నాను. అయితే తడపొద్దు, తోమొద్దు, తొందరపడొద్దు అన్నాడు. ముందు మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపాను. కుట్ల సందుల్లోంచి కాఫీ గింజల పైపొరలు ఎండిన రేకుల్లా రాలాయి. వాటిని ఎవరూ చూడకుండా ఊడ్చేశాను. గోరువెచ్చటి నీళ్లలో షాంపూ చుక్కలు వేసి గిలకొట్టి, నీళ్లు వదిలేసి నురగ మాత్రం గుడ్డకు తీసుకుని అద్దాను. మరక ఒక్కచోటే అద్దితే మళ్లీ వలయం కడుతుంది కనుక ఈ కుట్టు నుంచి ఆ కుట్టు దాకా సీటంతా అద్దాలి. పొడిగుడ్డతో తడి లాగేసి, తలుపులు తెరిచి నీడలో ఆరబెట్టాలి. ఆరాక పళ్లు తోముకునే మెత్తటి బ్రష్షుతో నూగు లేపాలి. మొదటిసారికి మరక కాస్త పలచబడిందంతే. మళ్లీ మళ్లీ చేశాను. ఉండలు కట్టిన నూగును బ్లేడు ఏటవాలుగా పట్టి పైపైన గీరాను. అంచు దగ్గర బట్ట అరిగి బోడిగా అయిపోయినచోట మాత్రం ఏమీ చేయలేకపోయాను. మిగతాదంతా చేతికి మెత్తగా తగిలిన రోజు ఒక్కణ్ణే కారులో కూర్చుని నవ్వుకున్నాను. ఇక చెప్పక్కర్లేదనుకున్నాను.

చిన్నమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తలుపు తీశాను. మా ఆవిడ వెనకే నిలబడింది. చిన్నమ్మ వంగి సీటంతా తడిమింది. వాసన చూసింది.

"నీ సేతుల్తోనే కడిగినావేటిరా?"

"అవును చిన్నమ్మా. ఇప్పుడేం లేదు. కూర్చో."

ఆవిడ కూర్చోలేదు. నావైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "తప్పయిపోనాది నాయనా. ఒంట్లో తెలివి లేక అయిపోనాది. నా రోత నీసేత కడిగించినాను."

ఆ చేతులు పట్టుకుని కిందికి దించాను. "నీది కాదు. అది కాఫీ," అన్నాను.

"ఏటి కాఫీ?"

తడి గింజలు, జారిన సంచులు, గుడ్డతో తుడవడం, అంతా చెప్పాను. ముందుగా మా ఆవిడే అంది, "పనసపండుకి పనికిరాని సీటు నీ తడి గింజలకి పనికొచ్చిందేటి మావా?"

చిన్నమ్మ ఆ మాట విననే లేదు. "అయితే నాది కాదు," అంది మెల్లగా. మళ్లీ అంది, "నా ఒళ్లు బాగానే ఉందన్నమాట." తర్వాత అరచేత్తో నా భుజం మీద ఒక్కటి వేసింది. "ఎదవా, పొద్దుగూకితే మంచినీళ్లు తాగడం మానీసినాన్రా నేను."

తిడుతూనే ఆవిడ నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. సీట్లో ఎక్కి కూర్చుని, పైకీ కిందికీ ఊగి చూసి, ఆపరేషన్‌కి ఎప్పుడెళ్దామంది.

ఆపరేషన్ బాగా జరిగింది. మత్తు చుక్కలు కంట్లో వేశారంతే, ఆవిడ తెలివిలోనే ఉంది, డాక్టరుతో కబుర్లు కూడా చెప్పిందట. అయితే బయల్దేరే ముందు నాకొక పని పెట్టింది.

"నాకొక్కర్తికీ సెప్తే సరిపోద్దేటి? ఆ కబురు ఇన్నోళ్లందరికీ సెప్పు."

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక, ఆడవాళ్లు చెప్పులు వెతుక్కుంటుండగా, ఆగమన్నాను. కారులో మరక కాఫీ జిగురుదని, తడి సంచులు ఎక్కించింది నేనేనని, తెలిసీ ఆ నింద ఆవిడ మీద ఉండనిచ్చానని చెప్పాను. తర్వాత అరుగు మీద కూర్చున్న ఆవిడ దగ్గరికెళ్లి, అందరికీ వినపడేలా అన్నాను:

"తప్పు నాది చిన్నమ్మా. నన్ను క్షమించు."