ఎనిమిదో దారం

దయ్యాలనీ ఆత్మలనీ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. మా నాయన కతోలిక గుడిలో ఉపదేశి, జనానికి జపాలు నేర్పేవాడు. చనిపోయినవాళ్లు దేవుడి దగ్గర ఉంటారు గానీ మన అటకల మీద కాదు అని చెప్పి మమ్మల్ని పెంచాడు. చీకట్లో ఏదో కనబడిందని వచ్చిన ఆడవాళ్లను "ముందు కళ్లు చూపించుకోపోండి" అని పంపేదాన్ని. నన్నూ అలాగే పంపుతారని ఈ సంగతి ఎన్నో ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. మేము కుప్పంలో ఉండేవాళ్లం. నా భర్త రైల్వేలో పాయింట్స్‌మన్, పట్టాలు మార్చేవాడు. పెళ్లయిన నాలుగేళ్లకే పోయాడు. మిగిలింది ఒక్కతే కూతురు, రోసమ్మ. ఎనిమిదో ఏట, పూజలో ఫాదరు నోట పెట్టే అప్పం, మొదటి సత్ప్రసాదం తీసుకోబోతున్నానని ఊరంతా చెప్పుకుంది. మా కతోలికుల ఇళ్లలో ఆ రోజు ఆడపిల్లకు తెల్ల గౌను, తల మీద ముసుగు, చేతిలో కొవ్వొత్తి. పెళ్లికి చేసినంత హడావిడి చేస్తాం.

నేను టేపుతో కొలవను. మా అమ్మ నేర్పిన పద్ధతి దారం. ఒక్కో పిల్లకు ఒక్కో దారం. మెడ నుంచి పట్టి భుజానికి ఒక ముడి, నడుముకు ఒకటి, మోకాలికి ఒకటి. రోసమ్మకు మాత్రం నాలుగు ముళ్లు. చిన్నప్పుడు పడి ఎముక విరిగి, దాని ఎడమ భుజం కాస్త జారి ఉండేది. ఆ జారుడుకు ఒక ముడి ఎక్కువ.

కొలత తీశాను గానీ గౌను కుట్టలేదు. విషజ్వరం వచ్చి తొమ్మిది రోజుల్లో పిల్ల పోయింది. ఆ నీలం దారం దాని చేతిలోనే పెట్టి పూడ్చాం.

మరుసటి ఏడు పుంగనూరులో సిస్టర్లు నడిపే బడిలో కుట్టుపని నేర్పడానికి చేరాను. ఊరు మారితే మరిచిపోతాననుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో. బడి నిండా ఎనిమిదేళ్ల పిల్లలే. ఈస్టరు, అదే మా పాస్కా పండుగ, దగ్గరపడేసరికి, మొదటి సత్ప్రసాదం తీసుకునే పిల్లలకు గౌన్లు కుట్టమన్నారు. అప్పుడే సిస్టర్లందరికీ పెద్ద అయిన మదరుతో చెప్పేశాను.

"ఈ గౌన్లు కుట్టిచ్చి ఎళ్లిపోతానమ్మా. పిల్లోళ్ల మధ్యన ఉండే ఓపిక నాకు లేదు."

"పండుగ దాకా ఆలోచించు" అంది మదరు. ఆలోచించడానికి ఏముంది? ట్రంకు పెట్టె సర్దుకునే ఉన్నాను.

ఆ ఏడు సత్ప్రసాదానికి ఉన్నది ఏడుగురు పిల్లలు. ఏడు తెల్ల దారాలు తీసి, అట్టముక్కలకు చుట్టి పేర్లు రాసుకున్నాను. సోమవారం మధ్యాహ్నం, పక్క గదిలో పిల్లలు ఎక్కాలు చెబుతుంటే, బల్ల మీద గుడ్డ పరిచి కోశాను. ఏడుస్తూనే కోశాను, దాచడం ఎందుకు. దారం తీయడం, కొలవడం, కోయడం, పక్కన పడేయడం. అయ్యాక ముక్కలు జత చేస్తే ఎనిమిది గౌన్లు తేలాయి.

అవి యుద్ధం వల్ల గుడ్డకు కంట్రోలు పెట్టి, కొలిచి ఇస్తున్న రోజులు. గుడిలో పీఠం మీద పరచడానికి ఉంచిన గుడ్డ కూడా కోసేశాను. చీవాట్లు తప్పవనుకుంటూ దారాలు లెక్కపెట్టాను. అవీ ఎనిమిదే. ఎనిమిదోదానికి అట్ట లేదు, పేరు లేదు. నీలం నూలు. వేలితో తడిమి చూశాను. నాలుగు ముళ్లు.

భయం వేయలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

మదరు కోప్పడలేదు. "కోసిన గుడ్డను ఏం చేస్తాం? కుట్టేయి. పీఠానికి పాతదే ఉతికి వేద్దాం" అంది. దారం సంగతి ఆమెకు అప్పుడు చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం బస్సులో ఒకాయన తన మేనకోడల్ని తెచ్చి బడిలో దించాడు. పేరు లూర్దమ్మ. తండ్రి ఎప్పుడో పోయాడు. తల్లి మదనపల్లెలో క్షయ ఆసుపత్రిలో బుధవారం పోయింది. జపాలన్నీ తల్లే నేర్పిందట. ఫాదరుగారు అడిగి చూసి, ఆదివారం మిగతా పిల్లలతో పాటే సత్ప్రసాదం ఇస్తానన్నారు.

సోమవారం నేను గుడ్డ కోసే వేళకు ఆ తల్లి ఇంకా బతికే ఉంది. ఇలాంటి పిల్ల ఒకతి ఉందని మా బడిలో ఎవరికీ తెలియదు. మదరును, ఫాదరుగారిని విడివిడిగా అడిగి తెలుసుకున్నాను.

ఆ ఎనిమిదో గౌను తొడిగాను. నడుము సరిపోయింది, పొడుగు సరిపోయింది. ఎడమ భుజం మాత్రం ముడతపడి కిందికి లాగింది. ఈ పిల్ల భుజాలు తిన్నగా ఉన్నాయి.

"యాలమ్మా ఏడస్తాండావు? బాగుండాది కదా గౌను" అంది పిల్ల.

"భుజం సరిగా లేదు తల్లీ. కదలకుండా నిలబడు, ఇప్పి కుడతా."

"మాయమ్మ గూడా ఇట్నే, నిలబడు నిలబడు అనేది."

కుట్టు ఒక్కొక్కటే విప్పాను. రోసమ్మను రెండోసారి సాగనంపుతున్నట్టే అనిపించింది. భుజం తిన్నగా మడిచి మళ్లీ కుట్టాను.

ఆదివారం పూజకు కుప్పం నుంచి మా అక్క వచ్చింది. దారం చూపించాను.

"నేను ఆడే ఉండానే. పాప చేతిలో పెట్టి గుప్పిట ముడిసింది నువ్వే. పెట్టె మూత ఏసేదాకా సూసినా" అంది. దాన్ని ముట్టుకోలేదు.

దిగులులో నేనే ఇంకో దారానికి ముళ్లు వేసుకుని మరిచిపోయానేమోనని కూడా ఆలోచించాను. కానీ ఆ నీలం నూలు నా పాత చీర అంచులోంచి లాగింది. ఆ చీర రోసమ్మ మీద కప్పి, పెట్టె మూసి మట్టి వేశాం. అలాంటి నూలు నా దగ్గర పోగు కూడా మిగల్లేదు. మరి ఎలా వచ్చింది? ఇన్నేళ్లు తలబద్దలు కొట్టుకున్నా నాకు అంతుపట్టలేదు. నమ్మమని ఎవరినీ అడగను.

మర్నాడు పది గంటల బస్సుకు పోవాలని ట్రంకు పెట్టె వరండాలో పెట్టించాను. సెలవు తీసుకుందామని ఆఫీసు గదిలోకి వెళ్తే, మదరు లూర్దమ్మను ఎదురుగా నిలబెట్టుకుని బడి రిజిస్టరు రాస్తోంది. మేనమామ శుక్రవారమే వెళ్లిపోయాడు, తనకే ఐదుగురు పిల్లలని. పేరు రాసింది, ఊరు రాసింది. సంరక్షకులు అనే గడి దగ్గర కలం ఆపి, "ఇక్కడ ఎవరి పేరు రాయాలి?" అంది.

లూర్దమ్మ వచ్చి నా కొంగు పట్టుకుంది.

"ఈయమ్మ పేరు రాయండి మదరూ."

మదరు తలెత్తి నా వైపు చూసింది. బయట బస్సు హారను వినబడుతూనే ఉంది.

మదరుకు నా పేరు తెలియక కాదు. అయినా ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం చెప్పి రాయించాను.