మూత మీది రాయి

మా వీధి చివర ఆల్చిప్పలు అమ్మే ఆవిడకు ముక్తసరి అని పేరు పెట్టింది నేనే. పది ప్రశ్నలు వేస్తే ఒక్క జవాబు చెబుతుంది. నడుముకు వలసంచి కట్టుకుని, మోకాటిలోతు ఉప్పునీళ్లలో అరికాళ్లతో తడిమి చిప్పలు ఏరుతుంది. ఆ కాళ్ల మీద కోతపడని చోటు లేదు. అమ్మేముందు ఒక్కో చిప్పనూ వేలితో తట్టి, నోరు మూయనిదాన్ని చచ్చిందని పారేస్తుంది.

"నన్నూ అలాగే పారేస్తావుటే?" అన్నానొకసారి.

"నిన్నెత్తడం నావల్ల కాదు పెద్దమ్మా."

పదిహేనేళ్లలో ఆమె సరుకు తిని ఎవరికీ కడుపునొప్పి కూడా రాలేదు. ఆ పేరే ఆమె ఆస్తి.

మొన్న వానలు వెలిశాక రెండు రోజులు బుట్ట పెట్టలేదు. ఎందుకో తెలియకపోతే నాకు ముద్ద దిగదు. వెళ్లాను. ఇంట్లో లేదు. పెరట్లో తొట్టి, దానిపై చెక్కమూత, మూత మీద రాయి. రాయి దించి చూశాను. నిండా మేలైన చిప్పలు! ఎవరో గొప్పవాళ్లకు దాచిందనుకుని గిన్నెడు తెచ్చుకున్నాను. బాగా ఉడికించాను కూడా. నాకు పంటినొప్పి; తిన్నది మా చెల్లెలే.

అరగంటకు, "అక్కా, నా పెదవులు ఉన్నాయా?" అంది. నవ్వాను. తర్వాత దాని వేళ్లు తిమ్మిరెక్కాయి, మాట ముద్దయింది, ఊపిరి అందలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ, "ఎక్కడ కొన్నారు?" అని అడిగింది. మా వీధి చివర ఆవిడ దగ్గర కొన్నానన్నాను.

మర్నాడు తనిఖీ ఆయన వచ్చి ముక్తసరి లైసెన్సు తీసుకున్నాడు. "నీళ్లలో కంటికి కనబడని నాచు పెరిగింది, దాని విషం చిప్పల్లో చేరుతుంది, ఉడికించినా పోదు, అమ్మొద్దని చెప్పామా లేదా?" అని వీధంతా వినేలా అరిచాడు.

"అమ్మలేదు. ముందే ఏరినవి పూడ్చడానికి ఉంచాను" అంది ఆమె.

అందరి కిటికీల్లోకీ తొంగిచూసే నేను ఆ రోజు మా కిటికీ వేసుకున్నాను.

నాలుగో రోజున చెల్లెలు లేచి కూర్చుంది. దాని మొహం చూశాక ఇక ఉండలేకపోయాను. తనిఖీ ఆఫీసులో ముక్తసరి ఎదుటే చెప్పాను: కొనలేదు, అడక్కుండా ఎత్తుకొచ్చాను. ఆయన రాసుకుని సంతకం పెట్టమన్నాడు. నా మూడో తరగతి అక్షరాలు కాగితమంతా వంకరపోయాయి.

బయటికొచ్చాక ముక్తసరి ఆగింది. "ఎవరింట్లో ఏం ఉడుకుతోందో కూడా అడుగుతావు కదా పెద్దమ్మా. మూత మీద రాయి ఎందుకుందో ఒక్కసారి నన్ను అడగలేకపోయావా?"

నాతో అంత పొడుగు మాట ఆమె మాట్లాడింది అదొక్కసారే.

లైసెన్సు తిరిగిచ్చారు. నేను గడపగడపకూ వెళ్లి నా తప్పు చెప్పుకున్నాను. నీళ్లు బాగుపడ్డాయని కబురొచ్చాక ఆమె మళ్లీ బుట్ట పెట్టింది. జనం వస్తున్నారు.

నేను వెళితే మాత్రం, నిండు బుట్ట ముందు కూర్చుని, "లేవు" అంటుంది.