తమ్ముడి వాటా

ఆ వీధిలో అందరూ ఆవిడని కుళాయిల అక్క అంటారు. ఇత్తడి కరిగించి కుళాయిలు పోత పోయడం వాళ్ళ నాన్న మొదలుపెట్టిన పని.

నాన్న రోజుల్లో బయటిదేశపు డబ్బు గడప తొక్కడానికి వీల్లేదు. కొలిమి బీటలు వారింది. పోసిన కుళాయిల్లో సగం కారేవి. ఒక విదేశీ కంపెనీ కొత్త కొలిమి పెట్టి వాటా తీసుకుంటానంది. అనుమతి కోసం అక్క ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది.

"రూలు ఒప్పుకోదమ్మా" అన్నారు.

"రూలు రాసింది మనుషులేగా. మళ్ళీ రాయమనండి" అని బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.

ఆవిడ ఒక్కదాని వల్ల అని కాదు గానీ, కొన్నేళ్ళకి రూలు మారింది. పరాయి వాటా ఉండొచ్చు, సగానికి మించకూడదు. కంపెనీ వచ్చింది, కొలిమి వచ్చింది. పోసిన కుళాయిలన్నీ కంపెనీయే కొనేది. సగానికి కాస్త తక్కువ వాటా వాళ్ళది. మిగిలింది అక్కకీ తమ్ముడికీ. నాన్న పోయాక కూడా బండి సాఫీగానే నడిచింది.

ఈ ఏడు సర్కారు ఆ హద్దు కూడా ఎత్తేసింది. వారం తిరక్కుండా కంపెనీ ప్రతినిధి దిగాడు.

"మీ వాటాలు కూడా మాకిచ్చేయండి మేడమ్. మంచి ధర ఇస్తాం."

"కొలిమి ఉంచుతారా?"

"కుళాయిలు మా దేశం నుంచే వస్తాయి. ఇది గోదాం చేస్తాం."

"అయితే నేను అమ్మను."

ప్రతినిధి తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు ఒక్కడు అమ్మినా చాలు, పెత్తనం కంపెనీదే. తమ్ముడి మొహం అప్పటికే వెలిగిపోతోంది. అక్క అతన్ని పక్కగదిలోకి పిలిచింది.

"తలుపు తెరవమని గోల చేసింది నువ్వేగా అక్కా! ఇప్పుడు వాకిట్లో అడ్డం పడుకుంటావేం?"

"చుట్టం వస్తే తలుపు తీస్తాం. వచ్చినవాడు పొయ్యి ఆర్పుతానంటే?"

"నా వాటా నా ఇష్టం."

"నీ ఇష్టమే. నీ కాళ్ళేం పట్టుకోను. కానీ లోపల పనివాళ్ళకి ఆ మాట నువ్వే చెప్పు."

"చెప్తా. నాకేం భయమా?"

పోత షెడ్డులో నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. పోత మొదలైతే ఎవరూ నోరెత్తకూడదు. మనిషి తక్కువైతే లోపలికి వచ్చినవాడు, యజమానైనా సరే, కరిగిన ఇత్తడి ఉన్న మూసపాత్రకి రెండో పిడి పట్టాలి. ఆ రోజు ఒకడు రాలేదు. మేస్త్రి గడ్డంతో పిడి చూపించాడు. తమ్ముడు తోలు తొడుగులు వేసుకుని పట్టాడు. ఒక్కో అచ్చులో సన్నటి ధార. మోచేతులు లాగేశాయి. కళ్ళలోకి చెమట.

చివరి అచ్చు నిండాక మేస్త్రి అన్నాడు: "పర్వాలేదే, ఒలకబొయ్యలేదు! చిన్నప్పుడు ఒలకబోసినందుకే నాన్న చేతిలో తన్నులు తిన్నావుగా. ఇంతకీ ఎందుకొచ్చావ్ బాబూ?"

"ఇది గోదాం చేస్తారట, మేస్త్రీ."

"అట్లాగా. మరి మమ్మల్నేం చెయ్యమంటారు, పెట్టెలకి కాపలా కాయమంటారా?"

ఎవరో నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. తమ్ముడు తొడుగులు విప్పకుండానే ఆఫీసు గదికి వెళ్ళి ప్రతినిధి ముందు నిలబడ్డాడు.

"కొలిమి ఆర్పబోమని రాసివ్వండి. అమ్ముతాను."

"షరతులు కుదరవు."

"అయితే బేరమూ కుదరదు."

ప్రతినిధి గొంతు కరుకెక్కింది. "కొత్త చట్టంతో మేమే ఎదురుగా సొంత గోదాం పెట్టుకోవచ్చు. మీ సరుకు కొనడం ఆపేస్తాం."

"పెట్టుకోండి" అంది అక్క. "ఆ స్థలం ఎన్నాళ్ళుగానో ఖాళీగా ఉంది."

అతను వెళ్ళిపోయాక తమ్ముడు కుర్చీలో కూలబడ్డాడు.

"కొనేవాళ్ళు పోయారుగా. ఇప్పుడెలా అక్కా?"

"వేరేవాళ్ళని వెతకాలి. చెప్పులేసుకో, ఓడరేవుకి పోదాం. ఎగుమతి వ్యాపారులంతా అక్కడే ఉంటారు."

"నాకు బేరాలు చేతకావక్కా."

"ఇందాక వాడితో చేసిందేమిటిరా మరి? లే."