గుట్ట దారిలో వణుకు

కురోహామా రేవులో మెకానిక్ నెజు తొకుజి పాదం తెలియని బండి లేదు. బండి వణుకుతోందని ఎవరొచ్చినా ఆయన ముందు చేసే పని బూట్లు విప్పడం. మేజోళ్ళు కూడా లాగేసి, పక్క సీట్లో కూర్చుని, వట్టి పాదాలు అడుగు రేకుకు ఆనించి "ఊఁ, పోనీ" అనేవాడు. పోనిచ్చేది ఆయన భార్య కినుయె. ఆమె యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఈయన పాదాలతో వినేవాడు. తొక్కినప్పుడు వణికి కాలు తీయగానే ఆగితే ఒక రోగం, తొక్కినా తీసినా ఆగకపోతే ఇంకో రోగం. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మొగుడూ పెళ్ళాలు షికారు వెళ్ళిందంటూ ఉంటే ఇలా ఊళ్ళోవాళ్ళ బండ్లలోనే.

ఆ ఏడు వసంతంలో ఒరిహరా తన శవవాహనాన్ని షెడ్డుకు తెచ్చాడు. ఊరికి ఉన్నది అదొక్కటే. పొడుగాటి పాత కారు, పైన చెక్క గోపురం, దాని చుట్టూ బంగారు పూత రేకులు.

"ఎత్తు ఎక్కేటప్పుడు వణుకుతోంది తొకుజి గారూ. రేకులన్నీ గలగలమంటున్నాయి. అదీ లోపల అతిథి ఉన్నప్పుడే. ఖాళీగా వస్తే మహా బుద్ధిమంతురాలు."

"అయితే అతిథితో సహా తీసుకురావయ్యా, చూస్తాను."

"బాగుంది! వాళ్ళ చుట్టాలు ఆ పెట్టెలో నన్నే పడుకోబెడతారు."

తొకుజి చక్రాలు బ్యాలెన్స్ చేశాడు. ఇంజన్ మౌంటింగులు మార్చాడు. పెట్టె పెట్టే చోట బియ్యం బస్తాలు వేసి, కినుయె చేత సముద్రం పక్క రోడ్డు మీద నడిపించాడు. శవవాహనం ఎదురైతే కీడు సోకకుండా బొటనవేళ్ళు గుప్పిట్లో దాచుకునే ఊరు అది. ఆ బండినే నడుపుతూ కినుయె బొటనవేళ్ళు లోపలికి మడిచి, నాలుగేసి వేళ్ళతో స్టీరింగు పట్టుకుంది. తొకుజి పగలబడి నవ్వాడు. రోడ్డు చదునుగా ఉంది, బండి వణకలేదు.

"గుట్ట ఎక్కించి చూడాలి" అన్నాడు. గుట్ట మీద ఉన్నది దహనశాల ఒక్కటే.

"నేను రానండీ. ఎలాగూ ఒకరోజు తీసుకెళ్తారు కదా, ఇప్పటినుంచే దారి చూసుకోవడం దేనికి?" నవ్వుతూనే అంది కానీ, బండి ఆపి స్టీరింగు వదిలేసింది.

అప్పటికే ఆమెకు తిన్నది ఇమడడం లేదు. మనిషి సగమైంది. ఒరిహరాతోనైనా గుట్ట ఎక్కి చూడొచ్చు, తొకుజి వెళ్ళలేదు. ఇంట్లో ఆమె అలా ఉండగా ఆ దారి తొక్కితే ఏదో ఇంటికి పిలిచినట్టవుతుందని భయపడ్డాడు. ఇనుమునూ నూనెనూ తప్ప దేన్నీ నమ్మనని డబ్బా కొట్టుకునే పెద్దమనిషి! "ఏమీ దొరకలేదు, చూసి నడుపుకో" అని ఒరిహరాను పంపేశాడు. ఆ షెడ్డులో ఆ మాట అనడం అదే మొదలు.

శరదృతువులో కినుయె పోయింది.

పెట్టెను వెనక ఎక్కించారు. ఆమె పేరు రాసిన చెక్క ఫలకాన్ని రెండు చేతులా పట్టుకుని తొకుజి ముందు సీట్లో, ఒరిహరా పక్కన కూర్చున్నాడు. భార్యను సాగనంపే భర్త కూర్చోవలసిన చోటు అదే. ఒరిహరా హారను దీర్ఘంగా మోగించాడు. బండి కదిలింది. వెనక తొమ్మిది కార్లు.

గుట్ట రెండో మలుపులో సీటు వణికింది. పైన రేకులు గలగలమన్నాయి.

తొకుజి ఫలకం వదలకుండానే, ఒక కాలి బూటు మొనతో రెండో కాలి నల్లబూటు తోసేశాడు. పాదం నేలకు ఆనించాడు.

"కాస్త తగ్గించు."

ఒరిహరా కాలు తీశాడు. వణుకు ఆగింది.

"మళ్ళీ తొక్కు."

ఒరిహరా ఒక్కసారి ఆయన మొహం చూసి, తొక్కాడు. వణుకు మడమలోంచి మోకాలి దాకా ఎగబాకింది. సెంటర్ బేరింగు! వెనక చక్రాలను తిప్పే పొడుగు షాఫ్టును నడుమ మోసేది అదే. దాన్ని పట్టి ఉంచే రబ్బరు చీలిపోయింది. బరువుకు వెనక కుంగి, ఎత్తు ఎక్కేసరికి షాఫ్టు కొట్టుకుంటోంది. ఆరు నెలలుగా చిక్కని రోగం చిక్కింది. తొకుజికి సంతోషం కలిగింది. అవును, సంతోషమే, దాచడం దేనికి? ఆ తర్వాతే వెనకనుంచి పెట్టె టకటకలాడడం చెవిన పడింది. అందులో ఉన్నదెవరో అప్పుడు గుర్తొచ్చింది.

"తగ్గించు! తగ్గించవయ్యా!"

మిగతా గుట్టంతా నడిచే మనిషి వేగంతో ఎక్కారు. పైన దిగగానే కినుయె చెల్లెలు పరుగున వచ్చి ఆయన మోచేయి పట్టుకుంది.

"అక్కకి కుదుపు తగలకూడదని ఎంత నెమ్మదిగా తీసుకొచ్చావు బావా! నీలాంటివాడు ఎవరికి దొరుకుతాడు!"

బూటు సగం తొడుక్కున్న కాలితో తొకుజి తల వంచుకుని నిలబడ్డాడు.

ఏడోరోజు కర్మ అయ్యాక ఒరిహరాను పిలిపించి, షాఫ్టు దించాడు. పాత రబ్బరు ముక్కలై చేతిలో రాలింది. కొత్త బేరింగు బిగించి, ఆనాటి బియ్యం బస్తాలే వెనక ఎక్కించాడు. నడపడానికి కినుయె లేదు కాబట్టి ఒరిహరా కూర్చున్నాడు. తొకుజి బూట్లు, మేజోళ్ళు విప్పాడు.

గుట్ట రెండో మలుపు వచ్చింది. ఒరిహరా గట్టిగా తొక్కాడు. పాదాలకు ఏమీ తెలియలేదు. పైన ఒక్క రేకు కూడా కదల్లేదు.

"అబ్బ, ఎంత మెత్తగా పోతోందో! మళ్ళీ తొక్కి చూడనా?" అన్నాడు ఒరిహరా.

"వద్దు" అన్నాడు తొకుజి. "వద్దయ్యా, ఇక చాలు."

ఆ మాట కినుయెను తీసుకొచ్చిన రోజు అనాల్సింది. ఆ రోజు ఒక్కసారైనా వెనక్కి తిప్పని తలను ఇప్పుడు తిప్పి, కదలకుండా పడుకున్న బియ్యం బస్తాలను చూసి, తొకుజి భోరున ఏడ్చాడు.