పండుగప్ప పక్కన తెల్ల వైన్

2022 చలికాలం. ఏలూరులో ఒక హోటల్లో బెవరేజ్ మేనేజర్‌గా ఉన్నాను. ఏ భోజనానికి ఏ పానీయం నప్పుతుందో చూడటం నా పని. ముదినేపల్లి వైపు ఒకప్పుడు మాకు పెద్ద భూస్థితి ఉండేది, మిగిలింది ఇంటిపేరే. అది చెప్పకుండా ఎవరికీ నన్ను పరిచయం చేసుకునేవాణ్ణి కాను.

ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి నాసిక్ దగ్గర ద్రాక్షతోటలున్న సుమతిగారు వచ్చారు. ఆవిడ తయారుచేసే తెల్ల వైన్ ఎస్టేట్ వైన్, అంటే బయట కాయ కొనకుండా సొంత తోటల ద్రాక్షతోనే చేసేది. ఆర్గానిక్ కాబట్టి రసాయనాలు వాడరు. పైగా బయోడైనమిక్: ఆవు కొమ్ములో పేడ కూరి చలికాలమంతా మట్టిలో పాతిపెట్టి, తర్వాత తీసి నీళ్లలో కలిపి తోటకు చల్లుతారు. తోట పక్కనే ఆవిడ రెస్టారెంట్ తెరుస్తున్నారు. అందులో ఈ వైన్‌తో వడ్డించడానికి తగిన చేప చూపించమని నన్ను అడిగారు.

చేప గణపవరం సుబ్బరాజుగారిది. చెరువులో మందులు వాడకుండా పండుగప్ప పెంచిన మనిషి. ఆ చేపకు తగ్గ కొనుగోలుదారు దొరక్కపోతే చెరువు లీజుకు ఇచ్చేస్తానని అప్పటికే ఇంట్లో చెప్పేశారట.

ఆయన పొద్దున్నే వచ్చి మా వంటగదిలో దగ్గరుండి పులుసు పెట్టించారు. నేను ఒక ముక్క తిని వైన్ గుక్క వేశాను. చింతపండు పులుపు ముందు వైన్ ఉత్త నీళ్లయిపోయింది. ఉప్పు, పసుపు రాసి ఆవిరి మీద ఉడికించి పెడదామన్నాను.

ఆయన ముఖం మాడ్చుకున్నారు. "జ్వరమొచ్చినోళ్లకి పెట్టే కూడండీ అది. ఇంత దూరం వచ్చినావిడకి అదా పెట్టేది? మీ ఇళ్లల్లో మర్యాదలు ఇలాగే ఉండేవాండీ?"

నా వెన్ను ఇంకాస్త నిటారైంది. మా ఇంటి మర్యాదల సంగతి తర్వాత మాట్లాడుకుందామన్నాను. అసలు భయం ఏమిటో చెప్పమన్నాను.

ఆయన గొంతు తగ్గించారు. "చెరువు చేపకి మట్టి వాసన ఉంటాదండీ. రెండు రోజులు పారే నీళ్లల్లో ఉంచాను. పోయిందనే అనుకుంటన్నాను. పులుసైతే ఉన్నా తెలీదు కదండీ."

"ఇవాళ తెలియకపోతే నాసిక్‌లో తెలుస్తుందండీ, రాజుగారూ. అప్పుడు మొత్తం సరుకు వెనక్కి వస్తుంది."

ఆయన చేప కోసే పీట తనే ముందుకు లాక్కున్నారు.

ఉడికిన ముక్కలు, చల్లటి వైన్ బల్ల మీద పెట్టాను. సుమతిగారు ముక్క తిన్నారు, గుక్క వేశారు, కళ్లు మూసుకున్నారు. సుబ్బరాజుగారు తలుపు దగ్గరే నిలబడిపోయారు. ఆవిడ ఇంకో ముక్క వేయమన్నారు. నేనూ రుచి చూశాను, మట్టి వాసన జాడే లేదు. చేపలోని తీపిని వైన్ పైకి తెచ్చింది, వైన్‌లోని నిమ్మపువ్వు వాసనను చేప పైకి తెచ్చింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత సంబరం నాకెప్పుడూ కలగలేదు.

"వారానికి ఎంత పంపగలరండీ?" అని ఆవిడ అడిగారు.

సుబ్బరాజుగారు జవాబు మరిచిపోయి పులుసు గిన్నె పట్టుకొచ్చేశారు. ఆవిడ గ్లాసు పక్కకు జరిపి, అన్నంలో కలుపుకొని తృప్తిగా తిన్నారు. మా ముగ్గురి నవ్వులకు వంటవాళ్లు బయటికి వచ్చి చూశారు.

మంచి వైన్ దేన్నీ కప్పిపుచ్చదని ఆ మధ్యాహ్నం తెలిసింది. పక్కనున్నది ఎలాంటిదో అలాగే చూపిస్తుంది. ఇప్పుడు అతిథికి ముందు గ్లాసులో పోస్తాను. తాగి బాగుందంటేనే ఏ ఎస్టేట్‌దో చెబుతాను. నా ఇంటిపేరు కూడా ఎవరైనా అడిగితేనే చెబుతున్నాను.