నేను తీయించిన చరణం

నన్ను అడగకుండా నన్ను కవితలో పెట్టారు. ఈ ఫిర్యాదు అప్పుడూ చేశాను, ఇప్పుడూ చేస్తున్నాను.

కరోనా వచ్చిన మొదటి చలికాలం. జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్‌లో ముగ్గురం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నేను మాస్టర్స్ చదువుతున్నాను. ఒకామె ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సు. ఇంకొకతను పెరూ నుంచి వచ్చి నాలాగే చదువుకుంటున్నాడు. బయటివాళ్ళని ఇంటికి పిలవకూడని రోజులు కాబట్టి వంటగదే మాకు లోకం. అందులోనూ వాళ్ళిద్దరూ ఒక లోకం, నేను పక్కన.

వాళ్ళకి మాటలు కలిశాయి. ఆమె బల్ల మీద చెయ్యి వేసి "మేసా" అంటే, అతను "మాకూ మేసానే!" అని కేక పెట్టేవాడు. చెంచా, కిటికీ, బూట్లు, అన్నీ అలాగే దగ్గర దగ్గరగా ఉండేవి. స్పెయిన్ వాళ్ళు రెండు దేశాలనీ వందల ఏళ్ళు ఏలారు. వాళ్ళు పోయాక ఆ మాటలు మహాసముద్రానికి రెండు వైపులా మిగిలిపోయాయి. ఇద్దరూ కలిసి దాని మీదే కవిత రాయడం మొదలుపెట్టారు. ఆమె తన భాష తగలాగ్‌లో ఒక పాదం రాస్తే అతను స్పానిష్‌లో ఇంకొకటి, నడుమ ఇంగ్లీషు. నా కుక్కర్ అడక్కుండానే వాడుకునేవాళ్ళు గానీ, నా భాషలో ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. మరిచిపోలేదు నేను.

ఒకరోజు ఇంటి ఓనరు బెల్ పక్కన పేర్లు మార్చి, వాళ్ళిద్దరికీ కలిపి ఒకే చీటీ అంటించి వెళ్ళాడు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే కావడంతో భార్యాభర్తలనుకున్నాడు. వాళ్ళు పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేదు.

"అయితే మీరిద్దరూ అన్నాచెల్లెళ్ళ వరస. మీకు పెళ్ళి కుదరదు" అన్నాను.

"ఎవరు చెప్పారు అమీగో? మీ అమ్మగారా?" అన్నాడతను.

"ఇంటిపేరు ఒకటైతే వంశం ఒకటే కదా!"

ఆమె నవ్వు ఆపింది. "మాకిది వంశం నుంచి రాలేదు కూయా. స్పెయిన్ పాలకులు ఊరూరా పేర్లు పంచిపెట్టారు. మా ముత్తాతల వంతుకి ఇది వచ్చింది." కూయా అంటే వాళ్ళ భాషలో అన్నయ్య. ఎంత కోపంలోనూ ఆ పిలుపు మానేది కాదు. "మరి మీ ఇంటిపేరు వింటే మీ వాళ్ళకి ఏం తెలుస్తుంది?"

"మా ఊరు తెలుస్తుంది" అన్నాను.

అబద్ధం కాదు. కానీ ఊరు ఎవడికి కావాలి? మా వాళ్ళెవరైనా కొత్తవాడిని పరిచయం చేసుకుంటే, పేరు తర్వాత ఇంటిపేరు అడిగేది కులం తెలుసుకోవడానికే. నేనూ అలాగే అడుగుతాను. ఎవరితో ఎంత చనువుగా ఉండాలో ఆ జవాబు విని తేల్చుకుంటాను. అది ఆమెకి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వారం తిరగకుండా కవితలో కొత్త చరణం చేరింది. మాతో ఉండే మూడోవాడు మా పేరు విని మాకు పెళ్ళి లేదన్నాడు, తన పేరు ఏం చెబుతుందో మాత్రం దాచుకున్నాడు అని. అప్పటికే ఆ కవితని ఆన్‌లైన్ కవి సమ్మేళనంలో చదవడానికి ఒప్పుకున్నారు. మా ఫ్లాట్ వాళ్ళు కవులని గొప్పలు పోయి, బెర్లిన్‌లో ఉన్న మా తెలుగువాడొకడికి లింకు పంపింది నేనే.

"ఆ చరణం తీసెయ్యండి" అన్నాను.

"నీ పేరు ఎక్కడా లేదు కదా!" అన్నాడతను.

"ఈ ఫ్లాట్‌లో ఉన్నదే ముగ్గురం. మూడోవాడెవడో కనిపెట్టడానికి పోలీసులు రావాలా?"

రెండు రోజులు వంటగదికి రాకుండా నా గదిలోనే తిన్నాను. చివరికి ఆమే వచ్చి, "తీసేశాం కూయా" అని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయింది.

చదివే రోజు మధ్యాహ్నం కెమెరాకి కనబడకుండా పొయ్యి దగ్గర కూర్చున్నాను. కవిత బాగుంది. చరణం తీసిన చోటు నాకు తెలుసు కాబట్టి, అక్కడికి రాగానే నా చెవులు వేడెక్కాయి. మావాడు "సూపర్ రా" అని ఫోన్‌కి మెసేజ్ పెట్టాడు.

చదవడం అయ్యాక నిర్వాహకురాలు, "మీ ఫ్లాట్‌లో ఒక భారతీయుడు కూడా ఉన్నారట కదా. ఆయన పేరు వెనక కూడా ఇలాంటి కథ ఉందా?" అని అడిగింది.

మా నర్సు నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"ఉంది. కానీ అది ఆయన చెప్పుకోవాల్సింది" అంది.

నేను లేచి, తోమిన కుక్కర్‌నే మళ్ళీ తోమడం మొదలుపెట్టాను. అందరి ముందూ ఆమె అలా అనడం అవమానంగానే గుర్తుపెట్టుకున్నాను. ఆమె మాటలో తప్పెక్కడుందో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.