కుక్కల చేత తెలుగు పలికించిన మాస్టారు

మాస్టారు పోయారని మొన్న బుధవారం ఆఫీసులో ఉండగా ఫోనొచ్చింది. గుండెపోటట. ఇక్కడ అమెరికాలో, సన్నీవేల్‌లో మన పిల్లలకు ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు నేర్పినాయన. ఏడేళ్ళుగా నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన గురించి రాసే అర్హత నాకుందా అంటే లేదు. అయినా రాయక తప్పదు, ఎందుకో మీకే తెలుస్తుంది.

ఆయన ఉద్యోగం ఏదో కంపెనీలో డ్రాయింగులు గీయడం. ఒక చర్చి కింద హాలు అడిగి తీసుకుని, పదిమంది పిల్లల చేత అక్షరాలు దిద్దించేవారు. మన పిల్లలకు తెలుగు అర్థమవుతుంది గానీ నోరు విప్పరు. విప్పితే పెద్దవాళ్ళం నవ్వుతామని వాళ్ళ భయం. నవ్వేవాళ్ళలో నేనూ తక్కువదాన్నేం కాదు.

ఆ భయానికి మందు మాస్టారికి పబ్లిక్ లైబ్రరీలో దొరికింది. సినిమాకు మాటొచ్చిన కొత్తలో ఇక్కడ తీసిన పొట్టి హాస్య చిత్రాలవి. వాటిలో మనుషులుండరు, అన్నీ కుక్కలే. కోటూ టైతో ఒకటి, గౌనూ టోపీతో ఒకటి, వెనక కాళ్ళ మీద నిలబడి నోళ్ళాడిస్తుంటే ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతుంటారు. మాస్టారు రీలు తెచ్చి, ప్రొజెక్టర్‌లో సౌండ్ తీసేసి, ఆ కుక్కల మాటలు పిల్లల చేత తెలుగులో చెప్పించేవారు.

"కుక్క మాట్లాడుతుంటే ఉచ్చారణ ఎవరు చూస్తారమ్మా?" అనేవారు. నిజమే. ఇంట్లో 'యా', 'నో' తప్ప అనని మా ఏడేళ్ళ అమ్మాయి, ఒక బుల్‌డాగ్ తరఫున "ఒరేయ్, కాఫీ చల్లారిపోయిందిరా" అని గద్దించింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

వాటికి అలా నిలబడడం ఇష్టమేనా అని ఒకసారి ఒక పిల్లవాడు అడిగాడు. సన్నటి తీగలు కట్టి నిలబెట్టేవారని మాస్టారు ఎక్కడో చదివారు. ఇష్టమై ఉండదని ఉన్నమాటే చెప్పారు. పాపం అంత కష్టపడ్డాయి కాబట్టి, వాటి చేత ఎవరినీ నొప్పించే మాట అనిపించొద్దన్నారు. ఆ మాటలన్నీ ఆయనే రాస్తారని మేమనుకునేవాళ్ళం.

ఆ ఏడాది ఉగాదికి పెద్దవాళ్ళనందరినీ పిలిచి ఒక సినిమా వేశారు. అప్పటికి మూడు నెలలుగా మా ఆయనకు ఉద్యోగం లేదు. ఆ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదనుకున్నాం. రోజూ పొద్దున్నే కోటు తొడుక్కుని, లంచ్ బాక్సు పట్టుకుని వెళ్ళి, పార్కులో కూర్చుని సాయంత్రం వచ్చేవారు. అవమానం ఆయనది, కడుపుమంట నాది.

తెర మీద కోటు తొడుక్కున్న కుక్క ఒకటి ఇంట్లోంచి బయల్దేరింది. గౌను కుక్క గుమ్మంలో నోరాడించింది. ప్రొజెక్టర్ పక్క నుంచి మాస్టారు ఆడగొంతు పెట్టి అన్నారు.

"టై కట్టుకుని ఎక్కడికండీ, పార్కు బెంచీకేనా?"

హాలంతా పగలబడి నవ్వింది. అక్షరాలా అది నేను మా వంటింట్లో అన్న మాట. మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. మాస్టారు ఆ ఖాళీ కుర్చీని చూసి సినిమా ఆపేశారు.

మర్నాడు వాళ్ళింటికెళ్ళి, మా సంగతి ఎవరు చెప్పారని నిలదీశాను.

"ఎవరూ చెప్పలేదమ్మా. నోటికొచ్చింది అనేశాను. తప్పు నాదే."

నేను నమ్మలేదు. మా ఆయనే చెప్పుకుని ఉంటారనుకున్నాను. నేనే చెప్పానని ఆయన అనుకున్నారు. ఒకరికొకరం ఒట్లు పెట్టుకున్నాం, ఒకరినొకరం నమ్మలేదు. తర్వాత ఉద్యోగం దొరికింది గానీ, ఆ అనుమానం మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది.

అమ్మాయిని క్లాసు మాన్పించాను. అక్కడితో ఊరుకున్నానా, లేదు. ఆయనకు ఇంటి గుట్టు తెలిస్తే కుక్కల చేత చాటిస్తాడని ఇద్దరు స్నేహితురాళ్ళతో అన్నాను. ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. ఏడాది తిరక్కుండా క్లాసు మూతబడింది. ఒకసారి ఇండియన్ షాపులో కనబడి, పాప బాగా చదువుతోందా అని అడిగారు. వినబడనట్టు కార్ట్ తోసుకుంటూ వెళ్ళిపోయాను.

బుధవారం సాయంత్రం ఆయన పోయిన కబురు చెప్పగానే మా అమ్మాయి మెట్ల మీద కూలబడింది. దానికిప్పుడు పద్నాలుగేళ్ళు.

"అమ్మా, ఆ లైన్ నేనిచ్చాను మాస్టారుకి. కిచెన్‌లో నువ్వు డాడీకి చెప్పావ్ కదా. నేను జోక్ అనుకున్నాను."

తర్వాత ఏడుస్తూ మిగతాది చెప్పింది. పుస్తకాల్లో తెలుగు నా దగ్గరుంది, వంటింటి తెలుగు మీరు తీసుకురండి అని మాస్టారు పిల్లలకు హోంవర్క్ ఇచ్చేవారట. మా అమ్మాయి తెచ్చిన మాట వెనక నిజముందని ఆయనకు తెలియదు. మా ఆయన లేచి వెళ్ళాకే అర్థమైందట. అప్పుడే దీన్ని పక్కకు పిలిచి, ఇంట్లో ఎవరడిగినా ఆ మాట మాస్టారు సొంతంగా అన్నదేనని చెప్పు, నీ తప్పేం లేదు అన్నారట. నేను ఆయన్ని తిడుతుంటే దీనికి భయమేసింది. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

ఏడేళ్ళ పిల్ల మీద మాట పడకుండా ఆయన తన పేరు పోగొట్టుకున్నారు. పోగొట్టింది నేను. ఆయన బతికుండగా వాళ్ళింటి గుమ్మంలో నిలబడి ఈ మాట చెప్పుకోవలసింది. ఇప్పుడు ఎవరితో చెప్పుకోను?

మా ఆయన కూడా అంతా విన్నారు. శనివారం సంతాప సభకు ముగ్గురం వెళ్ళాం. వచ్చినవాళ్ళు తక్కువ. మాట్లాడినవాళ్ళు ముక్తసరిగా మాట్లాడారు. అందుకు కారణమేమిటో నాకు తెలుసు. నేను కుర్చీలోంచి లేవలేదు. పక్కన మా ఆయన లేచారు.

"ఆ ఉగాదినాడు మీరు నవ్విన మాట నా గురించేనండీ. నాకప్పుడు జాబ్ లేదు. మాస్టారికి ఆ సంగతి తెలీదు. ఆయన ఎవరి గుట్టూ బయటపెట్టలేదు."

మాస్టారి భార్య ముందు వరసలోంచి వెనక్కి తిరిగి మా ముగ్గురినీ చూశారు. తన పక్క కుర్చీలో ఉన్న హ్యాండ్‌బ్యాగ్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అక్కడికి వెళ్ళి ఎవరు కూర్చోవాలో మా ఇద్దరికీ తోచలేదు. మా అమ్మాయి లేచి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది.